ఫ్రీ సైజు గాలి

ఫిబ్రవరి 9

ఒరేయ్ మరమేకూ,

క్షేమమేనా అని అడిగేలోపే తిట్టాలని ఉంది. కానీ ఈ కవరులో నీ మిషను ముక్క కూడా ఉంది, నా తిట్లకి అది పాడైపోతుందేమోనని కాస్త ఆగుతున్నాను. నువ్వు చూపించినట్టే మిషను పక్కనున్న బుల్లి తలుపు తీసి, గోరంత ఉన్న ఆ మెమొరీ కార్డు బయటికి లాగి, గుండీలు దాచుకునే డబ్బాలో దూది మధ్య పెట్టి పంపుతున్నాను. నెలనెలా పంపాలన్నావు కదా, పంపుతాను. కార్డు ఎలాగూ పోస్టులోనే రావాలి కాబట్టి దానికి తోడుగా ఉత్తరం. ఫోనులో ఈ మాటలు మాట్లాడలేను. ఫోను ముందు గదిలో మీ బావ కుర్చీ పక్కనే ఉంటుంది.

మీ బావ మొహమాటం నీకు కొత్త కాదు. ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నా, హారను కొట్టాలంటే ఇప్పటికీ ఇబ్బంది పడే మనిషి. ఆసుపత్రిలో నిద్ర పరీక్ష చేసి, నిద్రలో గంటకి నలభై రెండుసార్లు ఊపిరి ఆగుతోందని చెబితే, ఆయన డాక్టరుగారికి క్షమాపణ చెప్పారు. దేనికో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నువ్వు ఆ ఆదివారం వచ్చావు, పది నిమిషాల్లో ఆ గాలి ఊదే మిషను పెట్టావు, టీ తాగావు, బస్సెక్కావు. "దాని పని అదే చూసుకుంటుంది బావా, మీరు ముక్కు ఇస్తే చాలు" అన్నావు. ఇచ్చారు పాపం. ఇప్పుడు ఏం జరుగుతోందో విను. పడుకోగానే గాలి చాలట్లేదంటారు, మొహం మీద దిండు పెట్టి నొక్కినట్టుందంటారు. ఎలాగో కన్ను మూతపడితే గురక మొదలు. ఊపిరి ఒకసారి ఆగుతుంది, రెండోసారి ఆగుతుంది, మూడోసారి ఆగాక గానీ నీ మిషనుకి మెలకువ రాదు. వచ్చిందా, ఇక పట్టపగ్గాలు ఉండవు. గాలి పెంచీ పెంచీ, మాస్కు అంచుల్లోంచి ఈల వేసుకుంటూ బయటికి తన్నుకొస్తుంది. ఈలకి ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. అప్పటిదాకా మింగిన గాలంతా పొట్టలో ఉంటుంది. తెల్లారేసరికి పొట్ట డోలులా బిగిసిపోయి ఒకటే తేన్పులు. మిగతాది నేను రాయను, నువ్వే ఊహించుకో.

ఈ పొట్టతోనే పొద్దున్నే మొదటి బస్సు తీయాలి. మొన్న కండక్టరు, పద్దెనిమిదేళ్లుగా స్నేహితుడు, ముక్కు మీద జేబురుమాలు పెట్టుకుని నవ్వాడట. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని సామెత. మీ బావకి రోగం కన్నా ఆ నవ్వు ఎక్కువైంది. రాత్రిపూట అన్నం మానేశారు.

"మీ తమ్ముడికి రాయకు, చిన్నవాడు, నొచ్చుకుంటాడు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. ఫ్రీ సైజు అని అమ్మే బట్ట ఎవరి ఒంటికీ కుట్టింది కాదు. నీ మిషను కూడా ఆ బాపతేనేమో చూడు.

తిట్లు ఇంకా మిగిలాయి, కాగితం అయిపోయింది.

మీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

కార్డూ తిట్లూ రెండూ చెక్కుచెదరకుండా చేరాయి. రెండో కార్డు ఇందులోనే పెడుతున్నాను, అందిన రాత్రే మిషనులో పెట్టు. మా షాపులో అందరికీ నీ ఉత్తరంలోని ఈల గురించి చదివి వినిపించాను, పడీపడీ నవ్వారు. (బావకి చెప్పకు.)

ఇక అసలు సంగతి. ఫ్రీ సైజు అని వెటకారం చేశావు కానీ ఇది జాకెట్టు కాదు తల్లీ. పాత మిషన్లు రాత్రంతా ఒకే ఒత్తిడితో గాలి ఊదేవి. ఇది ఆటోమేటిక్. ఒత్తిడి నాలుగు నుంచి ఇరవై దాకా, ఏ నిమిషానికి ఎంత గాలి కావాలో చూసుకుని అంతే ఇస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, పక్కకి తిరిగితే తక్కువ. మధ్యలో మనం వేలు పెట్టాల్సిన పనే లేదు. తప్పు మిషనుది కాదు, ముక్కుది. మాస్కు తాళ్లు ఇంకాస్త బిగించమను. పొట్టలో గాలి నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

భయపడాల్సింది ఇంకోటి ఉంది. ఈ నెల బావ సగటున గంటా యాభై నిమిషాలే వాడారు. డిపో రూలు నీకు తెలుసు కదా. ఈ జబ్బున్న డ్రైవరు రాత్రికి కనీసం నాలుగు గంటలు మిషను వాడుతున్నట్టు, నెలనెలా మిషను వాళ్లు సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి. మొదటి నెల కాబట్టి ఊరుకున్నారు. వచ్చే నెల ఊరుకోరు, స్టీరింగు మీంచి దింపేస్తారు. నేను సొంత బావ కదా అని దొంగ సంతకం పెట్టలేను, నా ఉద్యోగం పోతుంది. ఇంకో మాట, మాస్కు తీసి పక్కన పెట్టి మిషను ఆన్ చేసి ఉంచితే సరిపోతుందనుకోకండి. లోపల ఊపిరి ఆడకపోతే అది దానంతట అదే ఆగిపోతుంది. ఆ తెలివి చూపించినవాళ్లని చాలామందిని చూశాం.

బావని కాస్త మొండికెయ్యకుండా ఉండమను. పసిపిల్లలు కూడా ఇంత పేచీ పెట్టరు.

ఇట్లు,
నువ్వు ఎప్పటికీ మరమేకు అనే పిలిచే సీనియర్ టెక్నీషియన్ (కాబోయే)


మార్చి 13

ఒరేయ్,

రెండో కార్డు పంపుతున్నాను. ఈసారి తిట్లు లేవు. మీ బావ దారికొచ్చారు. గంటలు చూసుకో, నీకే తెలుస్తుంది.

ఇక్కడ కొత్తగా రాయడానికి ఏమీ లేదు. స్కూలు యూనిఫాంలు నూట పది ఒప్పుకున్నాను, కాజాలు కుట్టీ కుట్టీ వేలు వాచింది. నాలుగో తారీఖున పక్క ఊరి డిపోలో డ్రైవరు రాలేదని మీ బావని పంపారు. ఆ రాత్రి అక్కడే విశ్రాంతి గదిలో పడుకుని మర్నాడు వచ్చారు. ఇల్లు బోసిపోయింది. పక్కింటావిడ వచ్చి, "బుగ్గ మీద ఆ గీతలేంటి, దిండు అచ్చు పడిందా?" అని ఆరా తీసింది. ఆవిడకి ప్రపంచంలో ప్రతిదీ కావాలి.

మాస్కు రబ్బరు కొత్త చెప్పుల డబ్బా వాసన వస్తుంది, దానికి మందేమైనా ఉందా? తాళ్లకి మెత్తటి గుడ్డ కుట్టాను. ఇప్పుడు ఒరుసుకోవట్లేదు.

కాగితం తొందరగా పంపు. ఇరవై మూడో తారీఖు ఆఖరు.

అక్క


మార్చి 18

అక్కా! అక్కా!

ఇది కార్డు కాదు, బంగారం! ముందు నేనే నమ్మలేదు. ఇరవై ఒక్క రాత్రులు, సగటున ఏడు గంటల నలభై నిమిషాలు. గాలి ఆరు దాటలేదు. మాస్కులోంచి లీకు లేదు. గంటకి నలభై రెండుసార్లు ఆగిన ఊపిరి ఇప్పుడు ఒక్కసారి కూడా ఆగట్లేదు. తాళ్లు బిగించమన్నానా లేదా? ఇప్పటికైనా ఒప్పుకుంటావా, మీ తమ్ముడికి కాస్త తెలివుందని?

సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంది.

ఇంకో విశేషం. బావ గ్రాఫు చూసి మా ఓనరు ముచ్చటపడి, పెద్దది చేయించి షాపు గోడకి అంటించాడు. కొత్తగా వచ్చినవాళ్లకి నేను దాన్నే చూపిస్తున్నాను. "ఎవరో కాదండీ, మా సొంత బావగారు" అంటే చాలు, ఇంకేమీ అడగరు. ముగ్గురు కొనేశారు. నన్ను నిజంగానే సీనియర్‌ని చేశారు. కిందటి ఉత్తరం చివర బ్రాకెట్లో పెట్టిన మాట కొట్టేసుకో.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఏమిటో చెప్పనా? నాలుగో తారీఖు. బావ పక్క ఊళ్లో పడుకున్నారని రాశావు. కార్డులో ఆ రాత్రి కూడా ఎనిమిది గంటలు! అంటే అంత బరువు మిషను, గొట్టం, మాస్కు అన్నీ మోసుకుని డ్యూటీకి వెళ్లారన్నమాట. మొన్న పసిపిల్లాడి పేచీ అని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. నా బదులు నువ్వు బావకి సారీ చెప్పు.

ఉబ్బితబ్బిబ్బవుతున్న
తమ్ముడు


మార్చి 27

తమ్ముడూ,

కాగితం అందింది. డిపోలో ఇచ్చారు, ఏమీ అనలేదు.

ఆ, తీసుకెళ్లారు. సంచిలో పెట్టుకుని. ఆ గోడ మీద అంటించింది తీసేయించు, మన ఇంటి సంగతి పదిమందికీ ఎందుకు? మీ బావ వింటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బాధపడతారు. నేను ఆయనకి చెప్పలేదు, సారీ కూడా చెప్పలేదు.

ఊరికే అడుగుతున్నాను, ఆ మిషను మనిషిని గుర్తుపడుతుందా? అంటే లోపల ఉన్నది ఎవరని దానికి తెలుస్తుందా? పక్కింటావిడ అడిగింది.

మీ బావ కళ్లు చింతనిప్పుల్లా ఉంటున్నాయి. ఒకరోజు చొక్కా తిరగేసి వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. ఎనిమిది గంటలు నిద్రపోయినా కళ్లు ఎర్రగా ఉంటాయా?

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

రెండే మాటలు, షాపులో ఊపిరాడట్లేదు.

మీ పక్కింటావిడ భలే ప్రశ్న వేసింది. మిషనుకి మనుషులతో పనిలేదు, ముక్కుతోనే పని. ఎవరు పెట్టుకుంటే వాళ్లకి తగ్గట్టు సర్దుకుంటుంది. గొప్పతనమంతా అదే కదా!

కళ్లెర్రబడటం రోడ్డు దుమ్ము వల్ల. కళ్ల డాక్టరుకి చూపించండి. గ్రాఫు తీసేయమంటావేమిటి? దిష్టి తగులుతుందనా?

తమ్ముడు


ఏప్రిల్ 21

తమ్ముడూ,

పదిహేడో తారీఖు పొద్దున్న మీ బావ బస్సు పేవ్‌మెంటు ఎక్కి, మూసి ఉన్న షాపు షట్టర్ని గుద్దింది. మలుపు కాబట్టి నెమ్మదిగా పోతోంది. పేవ్‌మెంటు మీద ఆ నిమిషానికి ఎవరూ లేరు. లోపల నలభైమంది. అందరికీ చిన్నచిన్న దెబ్బలు. కండక్టరు వెళ్లి ఇనుప కమ్మీకి కొట్టుకుంటే మెడ కింద ఎముక విరిగింది. మీ బావకి ఏమీ కాలేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెడుతోంది.

ఇప్పుడు నేను రాయబోయేది చదివి నన్ను అసహ్యించుకో, ఫర్వాలేదు.

రెండో నెల నుంచీ మిషను పెట్టుకున్నది మీ బావ కాదు, నేను.

నువ్వు నాలుగు గంటలు లేకపోతే స్టీరింగు మీంచి దింపేస్తారని రాశావు. ఆ ఉత్తరం వచ్చిన రాత్రి ఆయన గంటసేపు తంటాలు పడి, మాస్కు తీసేసి గోడవైపు తిరిగారు. ఊపిరి లేకపోతే మిషను ఆగిపోతుందని కూడా నువ్వే రాశావు. ఎవరిదో ఒకరిది ఊపిరి ఉంటే చాలు కదా అనిపించింది. తీసి నా ముక్కుకి పెట్టుకున్నాను. ఒక్క నెల గడిస్తే ఆయనకి అలవాటవుతుందిలే అనుకున్నాను. పొద్దున్న మిషను తెర మీద ఆరు గంటలని చూపించింది. ఆయన ఆ అంకె చూశారు, ఏమీ అడగలేదు. రెండు రోజులాగి, పొట్ట ఉబ్బరంగా ఉంది, ముందు గదిలో పడుకుంటానన్నారు. నేను తలుపు దగ్గరగా వేసుకుని, ఆయన బదులు నిద్రపోయాను. ఎంత హాయిగా పట్టిందో చెప్పడానికి నోరు రావట్లేదు. నా పెళ్లయ్యాక అంత నిద్ర నేనెరగను. నీ మిషను మహిమే అనుకున్నాను. నలభైమంది ప్రాణాలు గాలికొదిలేసి నేను గుర్రుపెట్టి నిద్రపోయాను.

ఆసుపత్రికి వెళ్లాను. కండక్టరు భార్య లేచి, తన స్టూలు నాకు వేసి, "కూర్చో అక్కా, నీరసంగా ఉన్నావు" అంది. కూర్చోలేక, నిలబడలేక, బాత్రూముకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

గోరుచుట్టు మీద రోకటి పోటులా ఇప్పుడు విచారణ. అక్కడి ఆఫీసరు చేతిలో నువ్వు సంతకం పెట్టిన కాగితాలున్నాయి. "నీ నిద్ర భేషుగ్గా ఉందని మిషను చెబుతోంది. కాబట్టి నువ్వు కునుకు తీయడానికి వీల్లేదు. ఫోను చూస్తున్నావా, తాగావా?" అని అడిగారట. జబ్బువల్ల జరిగితే వేరే డ్యూటీ ఇచ్చేవారు, వైద్యం చేయించేవారు. నిర్లక్ష్యమైతే ఉద్యోగమే పోతుంది, కేసు కూడా అంటున్నారు. నేను కాపాడుదామని పుట్టించిన కాగితమే ఆయన మెడకి చుట్టుకుంది. ఈయన ఏమన్నారో తెలుసా? "నా నిర్లక్ష్యమేనండీ" అని రాసి సంతకం పెట్టి వచ్చారు. ఇరవై రెండేళ్లలో ఒక్క బస్సుకి గీత పడనివ్వని మనిషి.

ఆఖరి విచారణ మే నాలుగున. నేను వెళ్లి నిజం చెబితే నీ సంతకం అబద్ధమవుతుంది, నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈయనది పోతుంది. మింగలేను, కక్కలేను. ఏం చేయమంటావు?

నీ అక్కనని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్న
నేనే


ఏప్రిల్ 25

అక్కా,

నీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. ఎదురుగా గోడ మీద బావ గ్రాఫు ఉంది. కాదు, నీ గ్రాఫు. కుర్చీ ఎక్కి చింపేశాను. ఓనరు ఎందుకని అడిగితే చెప్పేశాను. చెప్పింది నీ సంగతి కాదు, నాది.

నా సంగతి నువ్వూ విను. ఈ మిషను ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు నాలుగు నుంచి ఇరవై అని పెట్టి వస్తుంది. అది ఎవరి కోసమూ పెట్టింది కాదు. మనిషిని బట్టి మేము ఆ రెండు అంకెలనీ దగ్గరికి తేవాలి. బావలా లావు మెడ ఉన్న మనిషికి నాలుగుతో మొదలుపెడితే గాలి చాలదు, నువ్వు రాసినట్టు దిండు నొక్కినట్టే ఉంటుంది. ఊపిరి ఆగాక గానీ మిషను కదలదు. కదిలాక మాస్కు లీకైతే ఆ లీకుకి తికమకపడి ఇంకా ఊదేస్తుంది. ఇరవైదాకా వదిలేస్తే గాలి పొట్టలోకి పోతుంది, ఆ హోరుకి మనిషి లేచి కూర్చుంటాడు. కొందరికి అసలు ఆటోమేటిక్ పనికేరాదు, ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి కొలిచి, ఒకే అంకె మీద నిలబెట్టాలి. ఇవన్నీ నాకు తెలుసు అక్కా. మా ట్రైనింగులో మొదటి రోజు పాఠం. ఆ ఆదివారం నాకు నాలుగింటి బస్సు దొరకాలి. దాని పని అదే చూసుకుంటుందని నేను వచ్చేశాను.

మొదటి కార్డులో గాలి రోజూ పంతొమ్మిదికి వెళ్తోంది, విపరీతమైన లీకు. తప్పు నాదని ఆ రోజే తెలుసు. డాక్టరుకి ఫోను చేసి అంకెలు మార్పించాలంటే పది నిమిషాల్లో పెట్టి వచ్చానని ఒప్పుకోవాలి. అందుకని తాళ్లు బిగించమని రాశాను. మొండి అన్నాను, పేచీ అన్నాను. నీ ఈల చదివి నలుగురిలో నవ్వాను.

రెండో కార్డు చూసినప్పుడు కూడా ఒక క్షణం ఆగాను. గంటకి నలభై రెండుసార్లు ఊపిరి ఆగే మనిషికి ఆరు గాలి ఎలా సరిపోతుంది? పని తెలిసినవాడు ఎవడైనా అనుమానపడాలి. నాకూ అనుమానం వచ్చింది. ఈలోగా ఓనరు వచ్చి భుజం తట్టాడు. ఆ తట్టుడికి అనుమానం ఎగిరిపోయింది. మార్చి నాలుగో తారీఖు రాత్రి బావ పక్క ఊరి రిజిస్టర్లో సంతకం పెట్టి పడుకుంటే, మిషను మీ ఇంట్లో ఆడింది. అంత స్పష్టంగా కళ్లముందు ఉన్నదాన్ని బావ క్రమశిక్షణ అనుకున్నాను. నిజానికి అలా అనుకుంటేనే నాకు బాగుంది.

విచారణ ఆఫీసరుకి ఉత్తరం పోస్టు చేశాను. నా సెట్టింగు తప్పని, రెండు కార్డుల అంకెలు ఒకే మనిషివి అయ్యే అవకాశం లేదని, నా సంతకాన్ని నమ్మొద్దని రాశాను. ఆ రెండో మనిషి ఎవరో రాయలేదు. అది నువ్వు చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకో, నీకు చెప్పే అర్హత నాకు లేదు. నా ఉద్యోగం గురించి ఆలోచించకు. సీనియర్ మాట పోయింది. మిగతాది ఉంటుందో లేదో నెలాఖరుకి తెలుస్తుంది. ఆ గ్రాఫు చూసి కొన్న ముగ్గురి ఇళ్లకీ వెళ్తున్నాను. మొదటి ఇంట్లో పెద్దాయన మిషను అటక మీద ఉంది. "మా వాళ్లు నేను మొండివాణ్ణంటారు బాబూ" అన్నాడు. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

బావ నాతో మాట్లాడతారా? అసలు ఆయనకి తెలుసా, నువ్వు పెట్టుకుంటున్నావని?

తమ్ముడు


మే 6

ఒరేయ్ తమ్ముడూ,

వెళ్లాను. చెప్పాను.

డిపో మేడ మీద గది. పొడుగు బల్ల, అవతల ముగ్గురు, ఇవతల మీ బావ చేతులు కట్టుకుని. ఆఫీసరు దగ్గర నీ ఉత్తరం ఉంది. "ఈ రెండో మనిషి ఎవరు?" అని అడుగుతుండగానే నేను తలుపు తోసుకుని వెళ్లాను. గుమస్తా ఆపబోయాడు. "ఆ ముక్కు నాదండీ" అన్నాను. ఏదేదో చెప్పాలని దారంతా కూడబలుక్కున్నాను, వచ్చింది ఆ ముక్కే. గుమస్తా కిసుక్కున నవ్వాడు. ఇంకో ఆయన కిటికీ వైపు తిరిగాడు. అయినా మొత్తం చెప్పాను, ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చిన రాత్రి నుంచి ఏప్రిల్ పదహారో తారీఖు రాత్రి దాకా. ఆఫీసరు పక్క ఊరి రిజిస్టరు తెప్పించి, మార్చి నాలుగో తారీఖు పేజీ నీ అంకెలతో సరిచూశాడు. చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మా, పేవ్‌మెంటు మీద ఎవరైనా ఉండి ఉంటే?" అన్నాడు. అంతే అన్నాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

తీర్పు ఏమిటంటే, ఉద్యోగం తీయరు. ఆర్నెల్లు బస్సు ఎక్కకూడదు, డిపో స్టోరులో పని. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి గాలి కొలిపించాలి. ఆ తర్వాత కాగితం డాక్టరే ఇవ్వాలి. నా మీద కేసు పెట్టలేదు, నా చేత రాయించుకుని సంతకం తీసుకున్నారు. కండక్టరు ఇంటికి నేనే వెళ్లి చెప్పుకున్నాను. వాళ్లావిడ ఈసారి స్టూలు వేయలేదు. అది న్యాయమే.

నువ్వు అడిగావు కదా, బావకి తెలుసా అని. ఆఫీసరూ అదే అడిగాడు. "తెలుసండీ" అన్నారు. "మరి ఎందుకు చెప్పలేదు?" అంటే తల దించుకున్నారు. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక నేను పట్టుకున్నాను. ఎందుకు నోరు మూసుకున్నారు, ఎందుకు మీ నిర్లక్ష్యమని రాశారు, నా మీద జాలా, మీ పరువా అని నలుగురూ చూస్తుండగా నిలదీశాను. బస్సు వచ్చే వైపే చూస్తూ చెప్పారు.

"మొదటి రోజు ఆ మాస్కు లాగేద్దామనే లేచాను. నువ్వు నోరు కొంచెం తెరుచుకుని పడుకున్నావు. పెళ్లయి ఇరవై మూడేళ్లయింది, నువ్వు మధ్యలో లేవకుండా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా ఊపిరి ఆగినప్పుడల్లా నువ్వే కదా మోచేత్తో పొడిచి లేపేదానివి. డాక్టరు నలభై రెండు అన్నప్పుడు నేను లెక్కేసుకున్నాను, నీకెన్ని నిద్రలు చెడగొట్టానో. పడుకుంటే గురక వస్తుంది, గురక వస్తే నువ్వు లేస్తావు. అందుకని కుర్చీలో కూర్చునేవాణ్ణి. తల వాలితే లేచి నాలుగడుగులు వేసేవాణ్ణి."

"రాత్రంతానా? అన్ని రాత్రులా?" అన్నాను.

"మధ్యాహ్నం డిపోలో ఒక గంట పడుకునేవాణ్ణిలే. బండి తోలగలననుకున్నాను. తప్పు నాదే. నిర్లక్ష్యమని అందుకే రాశాను, అది అబద్ధమేమీ కాదు."

నాకు ఆ నిద్ర ఇచ్చింది నీ మిషను కాదురా. ఆయన ముందు గదిలో తిరుగుతూ ఇచ్చారు. నేను దాన్ని మహిమ అనుకుని, పొద్దున్నే ఒళ్లు విరుచుకుని లేచి, ఆ ఎర్ర కళ్లకి టీ ఇచ్చి పంపేదాన్ని.

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాం. డిపో దాటకముందే ఆయన తల నా భుజం మీద వాలిపోయింది. గురక మొదలైంది. బస్సంతా వెనక్కి తిరిగింది. ఎవరో నవ్వారు. డ్రైవరు కుర్రాడు, మీ బావ దగ్గరే పని నేర్చుకున్నవాడు, అద్దంలో చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి, అయినా భుజం కదపలేదు. ఊపిరి ఆగినప్పుడు మాత్రం మెలకువ రానంత మెల్లగా మోచేత్తో తట్టాను. మళ్లీ ఆడింది. మళ్లీ ఆగింది, మళ్లీ తట్టాను.

మా స్టాపు వచ్చింది. ఆ బస్సు కండక్టరు స్టాపు పేరు అరిచాడు, బస్సు ఆగింది, మాకోసం కాసేపు చూసింది. నేను లేపలేదు.

అక్క